నా మొదటి కార్డు, మా అమ్మ శుక్రవారం

"మేడం, మీరు సిస్టంల లేరు."

నారాయణగూడ బ్రాంచిలో ఈ మాట నాతో అన్న ఆఫీసరు ఒకప్పుడు నా విద్యార్థి. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేను పోటీ పరీక్షలకు అంకగణితం చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. పడవలు, రైళ్లు, లాభనష్టాలు, అన్నిటికంటే ముఖ్యంగా వడ్డీ లెక్కలు. చక్రవడ్డీ నాలాగా ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చెప్పలేరని పిల్లలంటారు. నేను కాదనను. అతను మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, మా సెంటర్ వెనక హాస్టల్లో ఇరుకు గదిలో ఉండి చదువుకుని బ్యాంకు ఉద్యోగం కొట్టాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ సగం తాగానో లేదో, నేను లేనన్నాడు.

"లేకపోవడమేమిటయ్యా? నీ ఎదురుగా కూర్చున్నాను కదా."

"మీరు ఉన్నరు మేడం. మీ హిస్టరీ లేదు. ఎన్నడన్న లోన్ తీసుకున్నరా?"

"లేదు."

"క్రెడిట్ కార్డు?"

"లేదు."

"బండి, ఫ్రిజ్, ఫోను... ఏదన్న వాయిదాల మీద?"

"ఛ ఛ."

ఆ ఛ ఛ ఎంత గర్వంగా అన్నానో నాకు ఇప్పటికీ చెవుల్లో వినబడుతుంది. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు అబ్బాయికి అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగితే కన్నతల్లి చెప్పే జవాబులాగా చెప్పాను. అతను మెచ్చుకుంటాడనుకుంటే తల పట్టుకున్నాడు.

నేను వెళ్లింది ఇంటి లోను కోసం. చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి కింది వాటాలో మేము అద్దెకుంటాం. నేను పుట్టకముందే నాన్న ఆ ఇంట్లో దిగాడు. తాతయ్య కోస్తా నుంచి ప్రభుత్వ ఉద్యోగం మీద ఈ ఊరొచ్చాడు, నాన్నదీ అదే ఆఫీసు. ఆఫీసులో అందరూ హౌసింగ్ లోన్లు తీసుకుని ఇళ్లు కట్టుకుంటుంటే ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నాన్న ఒక్కడే తీసుకోలేదు. అప్పు తెచ్చి కట్టిన గోడల మధ్య తనకు నిద్ర పట్టదనేవాడు. నిద్ర మాత్రం బాగానే పోయాడు, అద్దె గోడల మధ్య. ఆయన పోయాక అమ్మా నేనూ మిగిలాం. నాకు పెళ్లి కాలేదు. దానికీ ఈ లోనుకీ సంబంధం లేదు, అయినా అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ సంవత్సరం ఇంటి ఓనరు గారు ఇల్లు బిల్డర్‌కి ఇవ్వడానికి నిశ్చయించుకున్నారు. వెనక వాటాలో ఉండే పెద్దాయన ఆయన. నేను గౌను వేసుకుని గోళీలాడిన రోజులనుంచి నన్ను ఎరిగిన మనిషి. పాతది కూలగొట్టి అపార్ట్‌మెంటు కడతారు, ఆయన వాటాకి వచ్చే వాటిలో కింది అంతస్తు ఫ్లాటు మాకు అమ్ముతానన్నారు. "దసరా అయినంక కాగితాల మీద సంతకాలు. అప్పటిదాంక నేను ఇంకొకల్లకు మాట ఇయ్య. మీరు లోన్ కుదుర్చుకోండ్రి," అన్నారు. నాన్న రిటైర్‌మెంటు డబ్బు, నేను దాచుకున్నది కలిపితే మూడింట రెండు వంతులు వస్తుంది. మిగిలిన ఒక్క వంతుకే అప్పు. అమ్మ మాత్రం అప్పుడే అంతా అయిపోయినట్టు, ఆ కొత్త ఇంట్లో కూడా తులసికోట తూర్పునే పెట్టాలని చెప్పడం మొదలుపెట్టింది. కట్టినన్నాళ్లు పక్కన ఎక్కడో అద్దెకున్నా, ఆ సందు వదిలి వెళ్లక్కర్లేదన్నదే ఆవిడకి కావలసింది. నాకూ అంతే.

అందుకని వెళ్తే, నేను లేనట.

"మరి అద్దె?" అన్నాను. "నా వయసంత కాలంనుంచి ప్రతినెలా ఒకటో తారీఖున అద్దె ఇస్తున్నాం. ఒక్క నెల తప్పలేదు. ఒకటో తారీఖు శుక్రవారం పడితే గురువారం సాయంత్రమే ఇచ్చేస్తుంది మా అమ్మ. కిరాణా కొట్లో ఖాతా లేదు. కరెంటు బిల్లు వచ్చిన మర్నాడే కడతాం. ఇది హిస్టరీ కాదా?"

"గది మంచితనం మేడం," అన్నాడతను, నొచ్చుకుంటూనే. "హిస్టరీ అంటే అప్పు చేసి తీర్చినట్టు ఉండాలె."

అప్పు ఎగ్గొట్టినవాడికి ఆ సిస్టంలో స్కోరని ఒక నంబరుంటుంది. తక్కువదైనా నంబరే. వాడికి ఉనికి ఉంది. ఎవరి దగ్గరా చేయి చాపని మా నాన్న కూతురికి నంబరుండాల్సిన చోట ఒక గీత ఉంది, గీత పక్కన ఏమీ లేదు. ఆ రోజు ఫ్లైఓవర్ కింద నుంచి ఇంటికి నడిచొస్తూ, ఎదురొచ్చే ప్రతి మనిషినీ చూసి వీడికి నంబరుందేమోనని కుళ్లుకున్నాను.

దారి కూడా అతనే చెప్పాడు. ముందు ఒక క్రెడిట్ కార్డు తీసుకోవాలి. హిస్టరీ లేనివాళ్లకు కార్డు ఇవ్వరు. కార్డు లేకపోతే హిస్టరీ రాదు. ఈ పీటముడికి బ్యాంకు వాళ్ల దగ్గర ఒక విరుగుడుంది: మన డబ్బు వాళ్ల దగ్గర ఫిక్సెడ్ డిపాజిట్ చేస్తే దాని మీద కార్డు ఇస్తారు.

"అంటే నా డబ్బు నేనే మీ దగ్గర తాకట్టు పెడతాను," అన్నాను. "దాని మీద మీరు నాకు అప్పిస్తారు. ఆ అప్పు నేను మళ్లీ తీరుస్తాను. అంతేనా?"

"అంతే మేడం."

"ఇదే క్లాసులో లెక్కగా ఇస్తే ప్రశ్న తప్పుందని మీరే గొడవ చేసేవారు."

అతను నవ్వాడు. "ఆరేడు నెలలు మంచిగ వాడి మంచిగ కట్టుండ్రి మేడం. స్కోరు వస్తది. దసరా వరకు లోన్ అయితది. నాది పూచీ."

సంతకాలు పెట్టాను. వేలు మనది, కన్నూ మనదే అనుకుంటూ పెట్టాను.

కార్డు వచ్చింది. దాని మీద నా పేరు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉబ్బెత్తుగా ఉంది. దేని మీదా నా పేరు అంత గట్టిగా అచ్చయి చూడలేదు నేను. అమ్మ దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "ఇదేనా అప్పు?" అంది. తరవాత ఏ కొత్త వస్తువు ఇంటికొచ్చినా చేసేదే చేసింది. దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా చిప్పు మీద.

ఆ సంగతి నాకు నారాయణగూడ చౌరస్తా దగ్గర మందుల షాపులో తెలిసింది. అమ్మ బీపీ మాత్రలు కొని, గొంతు సవరించుకుని, కార్డు తీసి ఇచ్చాను. షాపతను మిషన్లో పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. దొంగ కార్డు అనుకుంటారేమో, పోలీసుల్ని పిలుస్తారేమో అనుకున్నాను. అతను కార్డును వెలుతురులో పెట్టి చూసి, "అక్కా, జర తుడుచి ఇయ్యుండ్రి, బొట్టు అంటింది," అన్నాడు. కొంగుతో తుడిచి ఇచ్చాను. మిషను చీటీ కక్కింది. డబ్బివ్వకుండా మందులు సంచిలో వేసుకుని బయటికి నడుస్తుంటే, ఎవరో వెనకనుంచి పిలుస్తారని మలుపు తిరిగేదాకా వీపు బిగబట్టుకునే ఉన్నాను.

బిల్లు వచ్చిన మర్నాడే వెళ్లి కట్టేదాన్ని. ఫోన్లో కట్టొచ్చని ఆఫీసరు యాప్ కూడా ఎక్కించి ఇచ్చాడు గానీ, నాకు దాని మీద గురి లేదు. సెంటర్ వాళ్లు జీతం ఇప్పటికీ నా చేతికి నోట్లే ఇస్తారు. అవి బీరువాలో పెట్టి, తీసి, బ్రాంచికి తీసుకెళ్లి కౌంటర్లో ఇచ్చి, ముద్ర వేయించుకుంటేనే కట్టినట్టు. అలా నెల తరవాత నెల గడిచింది. స్కోరు అనేది ఒకటి నా పేరు మీద పుట్టింది. ఆఫీసరు దాన్ని చూపించినప్పుడు పడ్డంత సంతోషం, పదో తరగతి మార్కులు చూసుకున్నప్పుడు కూడా పడలేదు.

శ్రావణం వచ్చింది. గ్రూప్స్ పరీక్షలు దగ్గరపడి అశోక్‌నగర్ అంతా ఉడుకుతోంది. పొద్దున్నుంచి రాత్రి దాకా రివిజన్ క్లాసులు. ఆ నెల బిల్లు వచ్చిన మర్నాడు వెళ్లలేకపోయాను, ఆ మర్నాడూ వెళ్లలేకపోయాను. గడువు తేదీ గుర్తుంది. వరలక్ష్మీ వ్రతం గుర్తుంది. రెండూ ఒకే రోజని మాత్రం ఆ శుక్రవారం పొద్దున తలంటుకుని వచ్చేదాకా తట్టలేదు.

బీరువా తీసి నోట్లు లెక్కపెడుతుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. పట్టుచీర కట్టుకుని, చేతులకు పసుపుతో ఉంది.

"ఏంటే అది?"

"కార్డు బిల్లమ్మా. ఇవాళే ఆఖరు."

"వరలక్ష్మీ వ్రతం పూట, అమ్మవారిని పీట మీద కూర్చోబెట్టి, ఇంట్లో లక్ష్మిని గడప దాటిస్తావా?"

మామూలు శుక్రవారమైతేనే మా ఇంట్లో డబ్బు బయటికి పోదు. పాలవాణ్ని కూడా శనివారం రమ్మంటారు. మంగళవారమూ అంతే. చిన్నప్పట్నుంచి చూస్తున్నదే, నాకు అది ఆచారమని కూడా తోచదు, సెలవు రోజులాగా ఒక నియమం. ఇక శ్రావణ శుక్రవారం, అందులోనూ వ్రతం. ఒక్కరోజు ఆలస్యానికి కొంపలేం మునుగుతాయిలే, జరిమానా వేస్తే కడదాం అనుకుని బీరువా తలుపు వేసేశాను. మర్నాడు రెండో శనివారం, బ్యాంకు లేదు. తరవాత ఆదివారం. సోమవారం పొద్దున్నుంచీ నాకు మోడల్ టెస్టులు. మంగళవారం మళ్లీ అమ్మ. బుధవారం బ్యాంకు తలుపులు తెరవగానే వెళ్లి, అపరాధ రుసుముతో సహా కట్టేసి, పని అయిపోయిందనుకున్నాను. కౌంటర్లో అమ్మాయి కూడా ఏమీ అనలేదు.

దసరాకి ముందు లోను కాగితాలన్నీ పట్టుకుని వెళ్లాను. స్వీట్లు కూడా తీసుకెళ్లాను, ఆఫీసరుకు ఇద్దామని. అతను కంప్యూటర్లోకి చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. ఈసారి చాయ్ తెప్పించలేదు.

"మేడం... శ్రావణంల ఏమైంది?"

"ఏమైంది?"

"అయిదు దినాలు లేట్ పడ్డది. మీ పేరు మీద పడ్డది."

"కట్టేశాను కదయ్యా, జరిమానాతో సహా!"

"పైసలు ముట్టినయ్ మేడం. గని లేట్ అన్నది లేట్ లెక్కనే ఉంటది. అది పోదు. స్కోరు దబ్బున పడ్డది."

చేతిలో స్వీట్ల డబ్బా బరువుగా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జీవితంలో ఎవరికీ ఒక్క రూపాయి బాకీ పడని మనిషి గురించి లోకంలో ఉన్న కాగితం ఒక్కటే, ఆ కాగితంలో ఉన్న మాట ఈవిడ గడువుకి కట్టదు అని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. హిస్టరీ లేనప్పుడు కనీసం మచ్చ లేదు.

"ఒక్కసారికి ఇంత పడుతుందా?" అని అడిగాను. అడుగుతూనే నాకు జవాబు తెలిసింది. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిందే అది. అరవైమంది ఉన్న క్లాసులో ఒకడికి సున్నా వస్తే సగటు పెద్దగా కదలదు. ఆరుగురున్న క్లాసులో ఒకడికి సున్నా వస్తే సగటు కుప్పకూలుతుంది. నాకున్నది ఆరు నెలలు. వాటి వెనక ఉన్న ఏళ్లన్నీ, ఆ ఒకటో తారీఖులన్నీ, హాజరు పట్టీలో పేరు లేని పిల్లల్లాగా బయట నిలబడి ఉన్నాయి. సగటులో వాటిని ఎవరూ కలపరు.

అతను లోపలికి వెళ్లి మేనేజరుతో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. వచ్చి నా ఎదురుగా కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"ఇంకొక సంవత్సరం మంచిగ కట్టి రమ్మంటున్నరు మేడం. ఆ ఒక్కటి లేకుంటే సారు సంతకం పెడుతుండె. నేను పూచీ అన్న కద, నాకు సిగ్గయితున్నది." కాగితాలు నా వైపు జరిపి, "ఫోన్ల కట్టొచ్చు కద మేడం, అర్ధరాత్రయినా పోతుండె," అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆలస్యం సంగతి, మచ్చ సంగతి, లోను రాదన్న సంగతి. కోపంగానే చెప్పాను, ఎవరి మీదో తెలియని కోపం. చివర్న ఫోను మాట కూడా అన్నాను.

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేయి ఆగింది.

"ఫోన్లో కట్టొచ్చా?"

"కట్టొచ్చట. బ్యాంకు ఖాతాలోంచి నేరుగా పోతుందట."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే? శుక్రవారం ఒప్పుకునేదానివా?"

"బ్యాంకులో ఉన్న డబ్బు ఇంట్లో ఎక్కడుందే?" అంది అమ్మ, నా తెలివితక్కువతనానికి నిజంగా ఆశ్చర్యపోతూ. "అది ఎప్పుడో గడప దాటింది కదా. దాన్ని నువ్వు ఏ రోజు ఎవరికిస్తే నాకేం? బీరువాలోంచి తీయొద్దన్నాను గానీ!"

నేను వంటింటి గోడకి చేరగిలబడ్డాను. బ్యాంకు నియమం నాకు తెలియలేదంటే సరే, అది వాళ్లది. మా ఇంటి నియమం, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నది, అదీ నాకు సరిగ్గా తెలియలేదు. రెండు చట్టాల్లో దేని ప్రకారమైనా ఆ బిల్లు ఆ శుక్రవారం నిక్షేపంగా కట్టగలిగేదాన్ని.

ఇక మిగిలింది ఓనరు గారు. ఒక్క సంవత్సరం ఆగమని అడగడానికి ఆ సాయంత్రం వెనక వాటాకి వెళ్లాను. నాకు భయం లేదు. బ్యాంకుకి నేనెవరో తెలియదు, ఈయనకి తెలుసు. ప్రతినెలా ఆ అద్దె అందుకున్న చేతులు ఆయనవే. లోను వచ్చేదాకా మా దగ్గరున్న రెండు వంతులు ముందే ఇస్తామని, మిగిలింది వడ్డీతో సహా తీరుస్తామని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుస్తూ కూర్చున్నారు.

"నా ఫ్లాట్లు గూడ బిల్డరే అమ్మిపెడ్తుండు బిడ్డా. ఆయనే అడిగిండు. కొనేటోళ్ల స్కోరు ఎంతని."

"ఆయన అడిగితే మీరేమన్నారు?"

"ఏమంట? లోన్ ఇంకా రాలేదన్న. అయితే కష్టమన్నడు. ఇంకొక పార్టీ తయారున్నది, అడ్వాన్స్ కూడా ఇస్తమంటున్నరు."

"ఒక్క నెల అద్దె ఆలస్యం చేశామా అంకుల్? ఒక్కటంటే ఒక్కటి చెప్పండి."

"గట్ల మాట్లాడకు తల్లీ. నాకు తెల్వదా? మీ నాయిన అసుంటి మనిషి ఉండడు. నాకు అంతా తెలుసు."

"మరి?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని నా వైపు చూశారు. ఆయన మొహంలో దయ ఉంది, అదే నన్ను కొట్టింది. "నాకు తెలిస్తే ఏమైతది బిడ్డా? కాగితానికి తెల్వాలె కద."

బ్యాంకులో అన్న మాట నన్ను అంత కొట్టలేదు. వాళ్లు నన్ను ఎరగరు. ఈయన ఎరుగును. ఎరిగి కూడా, తను కళ్లారా చూసిన ఆ ఏళ్లన్నిటినీ తనే లెక్కలోంచి తీసేశాడు. మంచివాడు కాబట్టి బాధపడుతూ తీసేశాడు. నా ఇంటి గుమ్మం ముందు నిలబడి, లోపలికి వెళ్లడానికి కూడా బుద్ధి పుట్టలేదు.

దీపావళి అయ్యాక ఖాళీ చేశాం. నల్లకుంటలో రెండు గదులు దొరికాయి. అక్కడ తులసికోట పెట్టే చోటు లేదు, అమ్మ ఆ మాట ఎత్తలేదు. సామాను సర్దుతున్న రోజు అమ్మ దేవుడి పటాలు ఒక్కొక్కటే దింపి పాత చీరలో చుడుతోంది. నేను పుస్తకాలు కట్టలు కడుతున్నాను. ఉన్నట్టుండి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఆ శుక్రవారం నేను అడ్డుపడకపోతే, ఈ ఇల్లు మనకి దక్కేదా?"

లెక్క నాకు తెలుసు. ఆ ఒక్కటి లేకపోతే మేనేజరు సంతకం పెట్టేవాడని నా విద్యార్థి నా మొహం మీదే చెప్పాడు. అది కాక, ఇంకా ముందుకెళ్తే, ఫోను సంగతి అమ్మకి ముందే చెప్పి ఉంటే... ఎటునుంచి వేసినా జవాబు ఒకటే వస్తుంది. ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాను. ఎప్పుడూ లేనిది, వీపు చిన్నగా కనిపించింది. నాకు భయం వేసింది.

"దక్కేది కాదమ్మా," అన్నాను. "నెలనెలా వాయిదా ఎంత పడుతుందో వేసి చూశాను. నా సంపాదన చాలదు. లోను వచ్చినా మధ్యలో చేతులెత్తేసేవాళ్లం."

"సరిగ్గా వేశావా?"

"రెండుసార్లు వేశాను."

అమ్మ ఇటు తిరిగి నన్ను చూసింది. లెక్కలు చెప్పి బతికే కూతుర్ని కొంచెంసేపు అలాగే చూసి, "అయితే సరే," అని, గోడ మీద మిగిలిన పటం అందుకోవడానికి స్టూలు జరపమంది.